నేనున్నాగా గారి క్లెయిమ్

బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఆయన్ని వీధంతా 'నేనున్నాగా' అంటుంది. ఎవరింట్లో ఏది చెడినా స్క్రూడ్రైవరు పట్టుకుని వాలిపోయి ఆయన అనే మాట అదే. పిలిచినవాళ్ళకంటే పిలవనివాళ్ళే ఎక్కువన్న సంగతి మాత్రం ఆయన చెవిన ఎవరూ వెయ్యలేదు.

మేడమీద వాటా ఒక టీచరమ్మకి అద్దెకిచ్చాడు. మొన్న ఆవిడ బడికి వెళ్ళినప్పుడు వంటింటి సింకు కింద పైపు ఊడింది. అలమారలన్నీ నాని ఉబ్బిపోయాయి. కింద వాటాలో పెచ్చులూడి సరిగ్గా ఆయన మంచం మీదే పడ్డాయి. అంతకుముందు ఆ పైపుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బాగుచేసింది సాక్షాత్తూ నేనున్నాగాయే.

"ఏటేటా ఇంటికి ఇన్సూరెన్స్ కడుతున్నాం కదండీ, క్లెయిమ్ వెయ్యండి," అంది భార్య.

ఫోన్ చేశాడు. నష్టం చూడ్డానికి సర్వేయర్ వస్తాడనీ, ఆ పైపు చివరిసారి ఎవరు బాగుచేశారో చెప్పాలనీ అన్నారు. క్లెయిమ్ వేస్తే పరువు పోతుంది. వెయ్యకపోతే వంటిల్లు బాగుచేయించే స్తోమత లేదు, టీచరమ్మ ఖాళీ చేసి వెళ్ళిపోతుంది.

మంచం వరండాలోకి లాక్కుని తెగ ఆలోచించాడు. చివరికి దారి దొరికింది. తప్పు తనది కాదు, పైపుది! వెంటనే టీచరమ్మని పిలిచాడు.

"చూడు తల్లీ, నీ వాటాలో ఎన్ని బాగుచేశాను! బాత్రూమ్ కుళాయి, ఫ్లష్ ట్యాంకు, మోటారు స్విచ్చి... ఒక్కటైనా మళ్ళీ చెడిందా? ఆ ముక్క సర్వేయర్‌తో చెప్పు చాలు."

"చెడలేదు బాబాయిగారూ," అని టీచరమ్మ నీళ్ళు నమిలింది. "మీరు చేసి వెళ్ళగానే పని తెలిసిన మనిషిని పిలిచి మళ్ళీ చేయించేదాన్ని. మీరేమో అంత ముచ్చటపడి చేశారు, ఎలా చెప్పను? ఈ సింకు పైపు ఒక్కటే... పరీక్షల హడావిడిలో పడి మర్చిపోయాను."

ఆయన భార్య వైపు చూశాడు. పొయ్యిమీద ఏదో మాడుతోందంటూ ఆవిడ లోపలికి పరుగెత్తింది. అసలు పొయ్యి వెలిగించనే లేదు.

ఆయనకి సిగ్గేసింది, కోపమొచ్చింది. తన మనసు కష్టపెట్టకూడదని సొంత డబ్బులు ఖర్చుపెట్టుకున్న ఆ పిల్ల మీద ఆ రెంటినీ మించిన ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ సాయంత్రమే క్లెయిమ్ వేశాడు.

సర్వేయర్ వచ్చి, "ఈ పైపు ఎవరు బాగుచేశారండీ?" అన్నాడు.

"నేనే. మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి చూసుకోండి. అవి మా అమ్మాయి చేయించింది," అంటూ టీచరమ్మని చూపించాడు.

సర్వేయర్ రాసుకుంటుంటే పెన్ను మొరాయించింది. ఆయన చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

"నేను..." అని ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మాయ్, ఇంకో పెన్నుంటే పట్రా తల్లీ!"