ముఖం పట్టని అద్దం

2022 వానాకాలం. అరకులో రోడ్డు వారన రేకుల షెడ్డులో నేను మొజాయిక్ అద్దాలు చేస్తున్నాను. మొజాయిక్ అంటే గాజు ముక్కలను పలక మీద పక్కపక్కన అతికించి, సందుల్లో గ్రౌట్ అనే సిమెంటు ముద్ద నింపడం. మధ్యలో ముఖం పట్టేంత మామూలు అద్దం, చుట్టూ రంగు గాజు. ఇళ్లవాళ్లూ హోమ్‌స్టేల వాళ్లూ గోడకు తగిలించుకుంటారు. చదువు నాకు యాభై దాటాక వచ్చింది గాని, ఈ పని ముప్పై ఏళ్ల నుంచి వచ్చు. ఇందులో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

ఒక సంత రోజున బుద్రు అనే కాఫీ రైతు వచ్చాడు.

“మామ్మా, సెల్లికి అద్దం కావాల. మద్దిన పెద్దద్దం ఎయ్యొద్దు. అంతా ముక్కలే ఎయ్యి.”

“ముక్కలేస్తే మొగం అగుపడదురా. అద్దమెందుకు మరి, గోడ సూసుకోమను.”

“అగుపడకూడదనే.”

వాళ్ల చెల్లెలు సుక్రి విస్తళ్లు కుట్టే అడ్డాకులు కోయడానికి కొండెక్కితే ఎలుగుబంటి మీద పడిందట. ఎడమ చెంప, పెదవి చీల్చేసింది. విశాఖపట్నం ఆసుపత్రిలో కుట్లు వేసి, విప్పి, ఇంటికి పంపారు. ఆ రోజే బుద్రు ఇంట్లో ఉన్న అద్దం తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆమె మాత్రం రోజూ అద్దం అడుగుతూనే ఉంది.

“ఏడుస్తంది మామ్మా. మెరిసేదేదో గోడకుంటే ఊరుకుంటది.”

నాకు జాలేసింది. జాలితో పని చేశాను, బుర్రతో కాదు. నిప్పర్‌తో, అంటే మొనకు రెండు చక్రాలుండే పటకారుతో, అద్దాన్ని గోరంత ముక్కలుగా కొరికాను. ఒక్కో ముక్కనూ ఒక్కో వాలులో అతికించాను. అలా చేస్తే వెలుగు చెదిరి తళతళలాడుతుంది, ముఖం మాత్రం ఎక్కడా నిలవదు. అంత అందమైన పని నా చేతుల్లో మరొకటి రాలేదు.

వారం పోయాక జీపులో నేనే తీసుకెళ్లి వాళ్ల ఇంటి గోడకు తగిలించాను. సుక్రికి ఇరవై దాటి ఉంటాయి. వచ్చి ఎదురుగా కూర్చుని, నోటికి అడ్డం పెట్టుకున్న పమిట తీసింది. ఎడమ వైపు పెదవులు కలవడం లేదు, చొల్లు కారుతోంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, వంగి చూసింది. ఒక ముక్కలో కన్ను, ఒక ముక్కలో కుట్టు గీత, పది ముక్కల్లో పళ్లు.

“మామ్మా, ఇందల నా నోరేదీ?”

పమిటతో చొల్లు తుడుచుకుని మళ్లీ తనే అంది.

“నోటికి కసరత్తు సెయ్యాల. అద్దంలో సూసుకుంటా సెయ్యమన్నారు, కాయితం కూడా ఇచ్చినారు. అన్న ఇనడు. నువ్వైనా నన్నొక్క మాట అడిగినావా?”

బుద్రు పెట్టె తెరిచి, స్కాన్ కవరులోంచి ఆ కాగితం తీశాడు. ఆ ఇంట్లో చదువు వచ్చినవాళ్లు లేరు. నేనే కూడబలుక్కుని చదివాను. అద్దం ముందు కూర్చుని రోజుకు మూడుసార్లు పెదవులు మూయాలి, బుగ్గ పూరించాలి. కుట్లు విప్పగానే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే మచ్చ బిగుసుకుపోతుంది. కుట్లు విప్పి అప్పటికి నాలుగు నెలలు.

“మొగం సూసుకుంటే గెడ్డ నీళ్లలో దూకేస్తదని బయమేసింది,” అన్నాడు బుద్రు.

“మొగానికి దూకను. ముద్ద నోట్లో నిలవక దూకుతాను,” అంది సుక్రి.

పెట్టె అడుగున వాళ్ల పాత చేతి అద్దం ఉంది. తీసి తుడిచి ఇచ్చాను. ఆమె ఏడవలేదు. వేలితో పెదవి పైకి నెట్టి, అక్కడే మొదలుపెట్టింది.

మూడు నెలల తర్వాత ఆసుపత్రికి నేనూ తోడు వెళ్లాను. మచ్చ గట్టిపడిందని, మొదటి నుంచి చేసి ఉంటే పెదవులు చాలావరకు కలిసేవని అక్కడ చెప్పారు. ఇంకో ఆపరేషన్ చేయవచ్చట, మాట మాత్రం ఇవ్వలేమన్నారు. రెండోసారి కత్తికి సుక్రి ఒప్పుకోలేదు. ఇప్పటికీ గడ్డం కింద తువాలు పెట్టుకునే అంబలి తాగుతుంది.

నేను వెనక్కి తెచ్చేసిన ఆ మొజాయిక్ అద్దం ఇప్పుడు ఒక హోమ్‌స్టే గోడ మీద ఉంది. టూరిస్టులు దాని ముందు ఫోటోలు దిగుతారు. పనిలో తప్పేమీ లేదు. అడగవలసిన మనిషిని అడక్కుండా చేశాను, అదే తప్పు. ఇప్పుడు ఆర్డరు ఎవరిచ్చినా, అద్దం చూసుకునే మనిషిని తీసుకురమ్మంటాను. రాలేకపోతే నేనే వెళ్లి అడుగుతాను. ఈ బుద్ధి నాకు ఉపయోగపడుతోంది. సుక్రికి పనికిరాలేదు.