పద్నాలుగో నంబరు

ట్విలా రాట్లిఫ్‌కి కుదురు లేదని పైనీ గ్యాప్ ఊరంతటికీ తెలుసు. చర్చిలో ఆఖరి పాట సగంలో ఉండగానే కారు తాళాలు చేతిలోకి తీసుకునే మనిషి. వంటింట్లో నిలబడే తింటుంది. కుర్చీలో కూర్చుంటే మోకాలు దానంతటదే ఊగుతుంది, బల్ల మీద కాఫీ తొణుకుతుంది. నలభై మూడేళ్లు వచ్చినా ఆ మోకాలు ఆగలేదు.

అలాంటి మనిషి పందొమ్మిదేళ్లుగా బడి బస్సు నడుపుతోందంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజమే. కొండ దారిలో గంటకి పాతిక మైళ్లు దాటదు. రైలు పట్టాల దగ్గర ఆగి, తలుపు తెరిచి, రెండు వైపులా చెవి పెట్టి విని గానీ కదలదు. పిల్లల్ని దింపడానికి బస్సు పక్కనుంచి ‘ఆగండి’ అనే ఎర్ర పలక చాపినప్పుడు ఎవడైనా పక్కనుంచి దూసుకుపోతే వాడి నంబరు రాసుకుని ఆ సాయంత్రమే పోలీసులకి ఇస్తుంది. ఇన్నేళ్లలో ఆ పద్నాలుగో నంబరు బస్సు మీద ఒక్క గీత పడలేదు. ఆ ఓపికంతా బస్సులోనే ఖర్చయిపోయేదేమో, ఇంటికొచ్చేసరికి చిటికెడు కూడా మిగిలేది కాదు.

ఆ వసంతంలో అన్న గార్నెట్‌కి భుజం ఆపరేషన్ అయింది. అతను ప్రతి శనివారం ఊరి ట్రాక్ మీద పందెం కారు నడిపేవాడు. బ్యాటరీ చచ్చిపోకుండా ఖాళీ ట్రాక్ మీద రెండు రౌండ్లు తిప్పి పెట్టమని చెల్లెల్ని అడిగాడు. చేతికి కట్టు కట్టుకుని గోడ దగ్గర నిలబడి చూస్తుంటే, కారు తిరుగుతూనే ఉంది.

"రెండు రౌండ్లన్నాను కదే! పదకొండు తిప్పావు."

"లెక్క తప్పాను అన్నయ్యా."

"రోజూ యాభై ఇద్దరు పిల్లల్ని లెక్కపెట్టి దింపేదానివి, పదకొండు దగ్గర తప్పావా? నాకు చెప్తున్నావా కబుర్లు?"

ట్విలా హెల్మెట్ తీయలేదు. తీస్తే మొహంలో ఉన్నది అన్నకి కనబడిపోతుందని భయం.

అలా మొదలైంది. ట్విలా కోసం తయారు చేసింది నాలుగు సిలిండర్ల చిన్న కారు. గార్నెట్ వంటింటి అలమరాలకి వేయగా మిగిలిన నీలం రంగే దానికీ పూశారు. నంబరు మాత్రం ట్విలా తన బస్సుదే పెట్టుకుంది. వెనక బంపర్‌కి అడ్డంగా పసుపు పట్టీ అంటించారు. కొత్తగా వచ్చిన వాళ్లందరికీ ఆ పట్టీ తప్పదు. అయిదు పందేలు పూర్తయ్యేదాకా దాన్ని పీకకూడదు, అందరికంటే వెనక వరసలోంచే బయల్దేరాలి. వీడు కొత్త, కాస్త ఎడంగా ఉండండని వెనకొచ్చేవాళ్లకి హెచ్చరిక అది. ట్విలా విషయంలో ఆ పట్టీ ముందు బంపర్‌కి అంటించాల్సిందని జనం నవ్వుకున్నారు.

ఎందుకంటే ట్రాక్ మీద ఆమె వేరే మనిషి. ముందు ఎవరి బంపర్ కనబడినా ఒళ్లు మండేది. చోటు దొరికేదాకా ఆగడం ఆమెకి చేతకాలేదు. మొదటి వారమే ఒక ఆకుపచ్చ కారుని గోడ వైపు నెట్టేసింది. మూడో వారం ఇంకొకరిని గడ్డిలోకి తోసింది. రెండుసార్లూ పందెం నడిపించే హోబర్ట్ స్టిల్ట్‌నర్ పైన గదిలోంచి చూసి ఆమె పేరు పక్కన గుర్తు పెట్టాడు. కొత్తవాళ్లకి మూడు గుర్తులు పడితే మళ్లీ వసంతం దాకా ట్రాక్ గేటు తెరుచుకోదు. ట్విలాకి రెండు పడ్డాయి. ఇప్పుడు శనివారం లేని వారం ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోతోంది.

"ముందున్నవాడికి నువ్వు వచ్చావని తెలియాలంటే బంపర్‌కి బంపర్ ఆనించు చాలు," అని గార్నెట్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "నువ్వు ఆనించడం లేదే, గుద్దుతున్నావ్. బస్సులో పిల్లలకి వరసలో నిలబడమని పాఠాలు చెప్తావు కదా, అవన్నీ ఏమయ్యాయి?"

"బస్సులో ఉన్నాయి," అంది ట్విలా.

అయిదో వారం. ఎండ ఇంకా కొండ దాటలేదు. చిన్న కార్ల పందెమే మొదట. పక్క కారు ఓడెల్ మల్లిన్స్‌ది, ఎనిమిదో నంబరు. అతనికి అరవై ఒక్కటి. ముప్పై అయిదేళ్లు బొగ్గు గనిలో చేసి, కుడిచేతి వేళ్లు రెండు అక్కడే వదిలేసి, పింఛను తీసుకున్నాక ఈ పిచ్చి పట్టించుకున్నాడు. అతనికీ ఇది అయిదో పందెమే. ఇంతవరకూ నాలుగో స్థానం దాటి రాలేదు, రెండుసార్లు తనంతట తనే గిర్రున తిరిగి ఆగిపోయాడు. వేయించిన బొలోనా మాంసం పెట్టిన సాండ్‌విచ్ సగం తుంచి ట్విలాకి ఇచ్చాడు.

"తిను అమ్మాయ్. ఇవాళ్టితో మన పట్టీలు ఊడతాయి. మనిద్దరం ఒక తరగతి పిల్లలం."

"నువ్వు నాకు దారి ఇస్తే ఊడుతుంది బాబాయ్."

"చోటు చూసుకుని రా, ఇస్తా. చోటు లేకుండా వస్తే మాత్రం ఎక్కడికిచ్చేది?"

ఇరవై రౌండ్లు. పద్నాలుగో రౌండుకి అందరికంటే ముందు ఓడెల్ ఉన్నాడు, అతని వెనకే ట్విలా. ఆ ముసలాయన అంత బాగా నడుపుతాడని ఎవరూ అనుకోలేదు, అతను కూడా అనుకోలేదు. ఎవరిదో రేడియేటర్ పగిలి మూడో మలుపంతా ఆవిరి కమ్ముకుంది. ఆ ఆవిరిలో ఓడెల్ కాస్త వెడల్పుగా తిరిగాడు. లోపలి వైపు సగం కారుకి చోటు కనబడింది. సగమే. ట్విలాకి అది సగమని తెలుసు. తెలిసే దూరింది. ఎనిమిదో నంబరు వెనక మూలకి తన కారు ముక్కు తగిలింది. ఓడెల్ కారు రెండుసార్లు గిర్రున తిరిగి అడ్డంగా ఆగిపోయింది. పసుపు దీపాలు వెలిగాయి, పందెం నిలిచింది.

పైనీ గ్యాప్‌లో దీనికొక పద్ధతి ఉంది. ఇద్దరూ జెండా మనిషి ఎదుట కారాపాలి. తప్పు తనదని ఒప్పుకునేవాడు గుండె మీద రెండుసార్లు తట్టుకోవాలి. తట్టినవాడు వెనక్కి, రెండోవాడు తన చోటికి. ఎవరూ తట్టకపోతే ఇద్దరూ వెనక్కే. చెవిలో పెట్టుకున్న రేడియోలో హోబర్ట్ మాట వినబడుతుంది గానీ తిరిగి జవాబు చెప్పడానికి ఉండదు. అందుకే ఆ చెయ్యి.

"ఎనిమిదీ, పద్నాలుగూ," అంది చెవిలో హోబర్ట్ గొంతు. "ఆ ఆవిరిలో నాకేమీ కనబళ్లేదు. ఎవరిదో మీరే చెప్పండి. త్వరగా తేల్చండి, జనం చూస్తున్నారు."

ట్విలా మోకాలు ఊగుతోంది. కొత్తవాళ్లు తట్టినా గుర్తు పడుతుంది, అది ఆమెకి మూడోది. చెయ్యి స్టీరింగ్‌ని వదల్లేదు. ఇద్దరం వెనక్కి వెళ్తాం, అంతే కదా, ఇంకా ఆరు రౌండ్లున్నాయి అనుకుంది. పక్కకి చూడకూడదనుకుంటూనే చూసింది.

ఓడెల్ మూడు వేళ్ల చెయ్యి ఎత్తి తన గుండె మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

"ఎనిమిది ఒప్పుకున్నాడు," అన్నాడు హోబర్ట్. "మంచివాడివి ఓడెల్, వెనక్కి పద. పద్నాలుగూ, ముందు నువ్వే."

ఓడెల్ నిజంగానే అది తన తప్పనుకున్నాడు. ఇంతకుముందు రెండుసార్లు కారు చేజార్చుకున్నవాడు, మూడోసారీ అదేననుకోవడంలో వింతేముంది? ట్విలా ఇప్పుడైనా తట్టచ్చు. జెండా మనిషి వేలు చూపించి పొమ్మన్నాడు. పోయింది.

ముందు దారి ఖాళీ. అయిదు వారాలుగా ఆమె కోరుకున్నది అదే, ఎదురుగా ఒక్క బంపర్ కూడా లేకపోవడం. కానీ బస్సు నడిపేవాళ్లకి అద్దంలోకి చూడటం అలవాటు. ప్రతి మలుపులోనూ అద్దంలో ఎనిమిదో నంబరుని వెతుక్కుంది. ఓడెల్ వెనకెక్కడో గోడవారగా వస్తున్నాడు. మూడో మలుపు రాగానే అవసరం లేకపోయినా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తున్నాడు. ఇందాక అందరికంటే ముందున్న మనిషి ఇప్పుడు తన చేతుల్ని తనే నమ్మడం మానేశాడు. అద్దంలో ఏడుస్తున్న పిల్లలు కనబడితే ఆమె బస్సు ఆపేది. ఇక్కడ ఆపడానికి లేదు. ఆరు రౌండ్లూ నిప్పుల మీద కూర్చున్నట్టే గడిచాయి.

గెలిచింది. జెండా మనిషి గెలిచినవాళ్లకిచ్చే గళ్ల జెండా చాపి ఒక రౌండు తిరిగి రమ్మన్నాడు. ట్విలా జెండా అందుకోలేదు. గీత మీద కారాపి గుండె మీద రెండుసార్లు తట్టుకుంది.

"పద్నాలుగూ, పందెం అయిపోయింది," అన్నాడు హోబర్ట్, ఈసారి జనానికీ వినబడేలా మైకులో. "ఏంటా తట్టుడు? గుండెనొప్పా? అంబులెన్స్ పంపనా?"

జనం నవ్వారు. ఆమె చెయ్యి బయటకి చాపి, వెనకొస్తున్న ఎనిమిదో నంబరుని చూపించి, మళ్లీ తట్టుకుంది. మళ్లీ చూపించింది, మళ్లీ తట్టుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

"ఓహో, అదా!" అన్నాడు చివరికి హోబర్ట్. "ఇప్పుడా తల్లీ చెప్పడం? సరే. మూడో గుర్తు. వసంతంలో కనబడు."

గెలుపు రెండో స్థానంలో వచ్చిన ఎర్ర కారుకి పోయింది. ఓడెల్‌ది తొమ్మిదో స్థానమే, అందులో ఏ మార్పూ లేదు. కార్లు నిలిపే చోట గార్నెట్ ఒంటిచేత్తోనే సామాన్లు విసిరేసినట్టు సర్దుతున్నాడు. ట్విలా హెల్మెట్ చంకలో పెట్టుకుని ఎనిమిదో నంబరు దగ్గరికి నడిచింది. పందొమ్మిదేళ్లుగా ఎదుటివాళ్ల నంబర్లు రాసుకున్న మనిషి, ఇవాళ తన నంబరు తనే చెప్పుకోవడానికి వెళ్లింది.

"బాబాయ్, తప్పు నాదే."

"తెలిసిందిలే, ఊరంతా చూసింది." ఓడెల్ గొంతులో కోపం లేదు, అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది. "అప్పుడే తట్టి ఉంటే ఆ జెండా నాకొచ్చేదేమో అమ్మాయ్. అరవై ఒక్కేళ్లలో ఒక్కసారి."

"అవును."

"ఇప్పుడు తట్టింది నీ కోసం. నా కోసం కాదు."

అది నిజం.

ఓడెల్ వంగి తన వెనక బంపర్ మీద పసుపు పట్టీ అంచుని గీకాడు. ఉన్న వేళ్లకి గోళ్లు అరిగిపోయాయి, అంచు లేవడం లేదు. అయిదు పందేలు పూర్తయ్యాయి, అతని పట్టీ ఈరోజు ఊడాలి. మూడు గుర్తులు పడ్డ తనది ఊడదని ట్విలాకి అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు పీకు," అన్నాడు.

ఆమె నేల మీద మోకాళ్లేసి పట్టీ పీకింది. అది ఒక్కసారిగా రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎడమ మూల దాకా వచ్చేసరికి పట్టీ చిరిగి ఉంది, దాని మీదుగా బంపర్ రేకులోకి నీలం గీత దిగింది. గార్నెట్ వంటింటి నీలం. ఓడెల్ వంగి దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"అంటే మూడో మలుపులో నేను బాగానే తిరిగానన్నమాట," అన్నాడు మెల్లగా.

"చాలా బాగా తిరిగావు బాబాయ్. అందుకే నాకు చోటు దొరకలేదు."

ట్విలా జేబులోంచి గుడ్డ తీసి ఆ గీతని రుద్దబోయింది. ఓడెల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దాన్ని ఉండనీ," అన్నాడు. "వచ్చే శనివారం మళ్లీ ఆ మలుపుకి వెళ్లేముందు ఒకసారి చూసుకోవాలి."