పాప పాటలు, పాప్ పాటలు

ఎనభై మూడో సంవత్సరం వేసవిలో నేను తమిళనాడు అంచున ఉన్న హోసూరులో ఒక సౌండ్ సర్వీసులో ఆపరేటర్ అయ్యాను. అంతకు ముందు అక్కడే హార్న్ కట్టేవాణ్ణి. ఈ పనిలో మెట్లు ఎట్లా ఉంటాయో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కొత్తగా చేరినవాడు వైర్లు లాగుతాడు. చేయి కుదిరాక హార్న్ కడతాడు, అంటే చెట్టెక్కి గొట్టం స్పీకరును తాళ్ళతో కొమ్మకు బిగిస్తాడు. ఆ పైన ఆపరేటర్. ఆంప్లిఫైయరు, టేపు, మైకు మూడూ అతని చేతిలో ఉంటాయి. అతనికి కుర్చీ ఉంటుంది. మిగతావాళ్ళకు ఉండదు. ఫంక్షన్ ఇంట్లో కాఫీ వచ్చినా ముందు కుర్చీకి వచ్చి, మిగిలితే చెట్టు కిందికి పోతుంది.

మా ఓనర్ మునిరాజప్ప నన్ను కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు ఒకటే మాట చెప్పాడు.

"మొదటి ఫంక్షన్లోనే రిమార్కు వచ్చిందంటే మళ్ళా చెట్టెక్కతావు. చూసుకో అప్పా."

రిమార్కు అంటే ఇంటివాళ్ళు షాపు దాకా వచ్చి చెప్పే తప్పు. సౌండు చాలలేదన్నా, పాట మధ్యలో ఆగిందన్నా రిమార్కే. నాకు చెట్లంటే భయం లేదు. చీమలంటే భయం. చింతచెట్టు మీద రెండు చేతులూ హార్నును పట్టుకుని ఉన్నప్పుడు చొక్కాలోకి చీమ దూరితే ఏం చేయాలో ఏ ఓనరూ నేర్పించడు. అందుకే ఆ కుర్చీ నాకు అంత ముఖ్యం.

ఇక పాటల సంగతి. మా షాపు పక్కనే క్యాసెట్లు రికార్డు చేసే షాపు ఉండేది. అప్పటికి హోసూరులో కొత్త ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటిలో పనికి చేరిన బెంగుళూరు పిల్లలు ఇంగ్లీషు పాప్ పాటల క్యాసెట్లు తెచ్చి కాపీ చేయించుకునేవాళ్ళు. కాపీ అవుతున్నంతసేపూ పాట బయటికి వినిపించేది. పని లేనప్పుడు నేను ఆ షాపు గడపలోనే ఉండేవాణ్ణి. నేను చదివింది మూడో క్లాసు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా ఆ పాటలు నన్ను పట్టుకున్నాయి. రేడియోలో వచ్చే మన పాటల్లో వాయిద్యాలు పాటకు తోడు పోతాయి. ఈ పాటల్లో డ్రమ్ము ముందు నడుస్తుంది, పాడేవాడు దాని వెనక పరుగెత్తుతాడు. ఆ పరుగు నాకు నచ్చింది.

పాడేవాళ్ళ పేర్లు నా నోటికి వచ్చేవి కావు. అందుకని నేనే పెట్టుకున్నాను. ఒకాయన గొంతు ఇత్తడి బిందెలో తల పెట్టి పాడినట్టు ఉండేది. ఆయన బిందప్ప. ఇంకొకాయన పాట చివరికి వచ్చేసరికి కోడిపుంజులా పైకి లేచేవాడు. ఆయన పుంజప్ప. అందరికంటే నాకు ఇష్టమైన ఆమె ఒకతె ఆ ఏడాదే కొత్తగా వచ్చింది. పెద్దగా అరవదు, రాగులు విసురుకుంటూ తనలో తాను సణుక్కున్నట్టు పాడుతుంది. ఆమెకు రాగులమ్మ అని పేరు పెట్టాను. ఆ పాటలో ఏదో పెద్ద దుఃఖం ఉందని, ఎవరో ఆమెను వదిలి పోయారని నా నమ్మకం. కొన్నాళ్ళకు ఆ షాపుకు వచ్చే పిల్లలు కూడా "రాగులమ్మ కొత్త పాట వచ్చిందా అప్పా?" అని నన్నే అడిగేవాళ్ళు.

అట్లా ఉండగా ఆర్డర్ వచ్చింది. కెలమంగలం దగ్గర పట్టుపురుగులు పెంచే నాగరాజప్ప కూతురికి ఆడబిడ్డ పుట్టింది. తొట్లో, అంటే ఉయ్యాలలో వేసి పేరు పెట్టే ఫంక్షన్. నాగరాజప్ప షాపుకు వచ్చి మా ఓనరుకు చెప్పి వెళ్ళాడు. మా సర్వీసులో ఆర్డర్ నోటిమాటే. ఓనర్ విన్నది ఆపరేటరుకు చెబుతాడు. ఆపరేటర్ దానికి తగ్గ క్యాసెట్లు ఎత్తుకుంటాడు. గుడి అంటే గుడి పెట్టె, పెళ్ళి అంటే పెళ్ళి పెట్టె.

"కెలమంగలం పోవాల నువ్వు. పాప్ పాటలు గావాలంట," అన్నాడు మునిరాజప్ప.

నా చెవులను నేనే నమ్మలేదు. "పాప్ పాటలా? ఇంగ్లీషువా అప్పా?"

"మళ్ళా ఏ పాప్ పాటలు? అల్లుడోళ్ళు బెంగుళూరోళ్ళంట. వాళ్ళ ముందర నాగరాజప్ప తల దించుకోగూడదు గదా. మంచివి ఎత్తుకోని పో."

నేను పక్క షాపులో కూర్చుని నాకు నచ్చినవన్నీ ఒక క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నాను. మొదట బిందప్ప, తరువాత పుంజప్ప, చివర రాగులమ్మ. ఫంక్షన్ క్యాసెట్‌కు ఒక పద్ధతి ఉంటుంది. మొదటి పాట వీధిలోవాళ్ళను ఇంటి వైపు తిప్పాలి. చివరి పాట కూర్చున్నవాళ్ళను లేవనివ్వకూడదు.

ఆ ఉదయం మేము వెళ్ళేసరికి నాగరాజప్ప గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పురుగులున్నాయి. పట్టుపురుగు ఆకు తినడం ఆపి పొర విడిచే కాలాన్ని నిద్ర అంటారు. అప్పుడు అలికిడి చేయరు.

"పురుగు నిద్దర్లో ఉంది అప్పా. గొట్టం ఆ పక్కకి తిప్పొద్దండి," అన్నాడు.

హార్నును చింతచెట్టుకు కట్టించి, దాని మూతి వీధి వైపు పెట్టించాను. పందిట్లో వినిపించడానికి ఒక పెట్టె స్పీకరును తొట్టి పక్కనే పెట్టాను. ముందు దేవుడి పాట వేశాను. ఎక్కడైనా మొదట దేవుడి పాటే. తరువాత కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. కాఫీ ముందు నాకే వచ్చింది.

బెంగుళూరు చుట్టాలు దిగారు. వాళ్ళలో ముఖ్యమైన మనిషి అల్లుడి అక్క, సరోజమ్మ. మా వైపు ఆచారం ప్రకారం పాపకు పేరు పెట్టేది మేనత్త. తొట్లో వేశాక పాప చెవిలో మెల్లగా పేరు చెబుతుంది. ఆ పేరు పాప చెవిలో పడే వరకు ఇంకెవరి చెవినా పడకూడదు. సరోజమ్మ ఏం పేరు తెచ్చిందో ఎవరికీ చెప్పకుండా నోరు బిగించుకుని కూర్చుంది.

పాపను తొట్లో పడుకోబెట్టారు. నాగరాజప్ప భార్య లక్ష్మమ్మ నా వైపు తిరిగి చేయి ఊపింది.

"ఊ, ఎయ్యప్పా పాప పాటలు!"

నేను వేశాను.

బిందప్ప పాట డ్రమ్ముతో మొదలవుతుంది. పెట్టె స్పీకరు తొట్టి పక్కనే ఉంది. పాప రెండు చేతులూ పైకెత్తి, ఊపిరి పట్టి, ఒక్కసారిగా కేరుమంది. ముసలమ్మలు లేచి నిలబడ్డారు. వీధిలో కుక్కలు అందుకున్నాయి. వీధిలోవాళ్ళు ఇంటి వైపు తిరిగారు, ఆ మటుకు పాట తన పని చేసింది.

లక్ష్మమ్మ కొంగు బిగించుకుని వచ్చింది. "ఏందప్పా ఇది? పాపకి పాట ఎయ్యమంటే దయ్యానికి ఎస్తా ఉండావు?"

"మీరు చెప్పినవే అమ్మా. పాప్ పాటలు."

"యాడ పాప? ఆ పాటలో యాడుండాది పాప?"

"పాప కాదమ్మా, పాప్. ఇంగ్లీషు పాప్."

"ఇంగ్లీషు పాప ఎవురికి గావాల? ఈ పాపకి ఎయ్యి!"

అప్పుడు అర్థమయింది. నాగరాజప్ప అడిగింది పాప పాటలు, అంటే జోల పాటలు. మా ఓనర్ తమిళం ఎక్కువ మాట్లాడే మనిషి. తమిళంలో అది పాప్పా పాట్టు. ఆ మాట ఆయన నోట్లో ఒక దీర్ఘం పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చేసరికి పాప్ అయింది. నాకు కావలసిందీ అదే గనుక నేను ఒక్కసారి అడిగి ఊరుకున్నాను.

నా పెట్టెలో జోలపాట ఒక్కటీ లేదు. పాప ఏడుస్తూనే ఉంది. ముసలమ్మల నవ్వు మొదలయింది. నాగరాజప్ప అల్లుడివాళ్ళ ముఖాలు చూడలేక పందిరి గుంజను చూస్తున్నాడు. "ఓనర్ని అడగతాను నేను," అని గుంజకే చెప్పాడు. చెట్టు మీది చీమలు నాకు కనిపించాయి.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మైకు ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఇస్తే తిరిగి రాదు. నేను ఆ కట్టుబాటు పక్కన పెట్టి మైకు లక్ష్మమ్మ ముందు పెట్టాను. క్యాసెట్లో పాప పాట లేదమ్మా, మీరే పాడండి, ఊరంతా వింటుంది అన్నాను.

"నేనా? నాకెందుకప్పా? నా గొంతేం గొంతు!" అని వెనక్కి పోయింది. ఆ మాట మైకులోనే పడింది. చింతచెట్టు మీది నుంచి తన గొంతు తనకే వినిపించింది. ఆమె తల ఎత్తి చెట్టును చూసింది. "నేనేనా అది?" అంది. చెట్టు కూడా అంది. రెండు అడుగులు ముందుకు వచ్చి మైకు పట్టుకుంది.

ఆమె పాడింది పురుగుల ఇళ్ళలో పాడే జోల. "పురుగులు నిద్దరపాయె, ఆకులు నిద్దరపాయె" అని మొదలుపెట్టింది. పెద్ద గొంతు కాదు. కానీ ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. రెండో చరణానికి పాప వెక్కిళ్ళు తగ్గాయి. మూడో చరణానికి వీధిలో సైకిళ్ళు ఆగాయి. నేను ట్రెబుల్ కాస్త తగ్గించి, కుర్చీలో వెనక్కి వాలాను. గండం గడిచిందనుకున్నాను.

నాలుగో చరణంలో ఆమె ఇట్లా పాడింది. "మా గౌరమ్మ ఒకతె నిద్దరపోదేమి."

పందిట్లో తలలన్నీ సరోజమ్మ వైపు తిరిగాయి. గౌరమ్మ లక్ష్మమ్మ తల్లి పేరు. మేనత్త ఇంకా పాప చెవిలో పేరు చెప్పలేదు. లక్ష్మమ్మ మాత్రం కెలమంగలం సంతవీధి దాకా చెప్పేసింది.

సరోజమ్మ లేచింది. "ఏమిటమ్మా ఇది? మొదట పాప చెవిలో పడాల గదా పేరు? మీరు ఊరికి చెప్పేస్తిరి!"

లక్ష్మమ్మ మైకు వదలలేదు. జవాబు కూడా హార్న్‌లోనే వచ్చింది. "పాప చెవిలోనే పడింది తల్లీ. స్వల్ప గట్టిగా పడింది, అంతే!"

వీధిలో ఎవరో నవ్వారు. సరోజమ్మ నవ్వలేదు. నేను మెల్లగా సౌండు తగ్గించాను. తగ్గిన ప్రతిసారీ లక్ష్మమ్మ నా వైపు ఒక చూపు చూసేది. నేను పెంచేవాణ్ణి. చివరికి సరోజమ్మ తీర్పు కోసం నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పప్పా. ముందర ఎవరికి వినబడింది, పాపకా, ఊరికా?"

కుర్చీలో కూర్చున్నందుకు ఇది కూడా నా పనే అయింది. పెట్టె స్పీకరు తొట్టి పక్కనే ఉందమ్మా, హార్న్ దూరంగా చెట్టు మీద ఉంది, ముందు పాపకే వినబడి ఉంటుంది అని చెప్పాను. అది అబద్ధం కాదు.

సరోజమ్మ స్పీకరునూ చెట్టునూ మార్చి మార్చి చూసింది. తరువాత తొట్టి దగ్గరికి పోయి, మైకు ఎంత దూరంలో ఉందో చూసుకుని, కొంగు అడ్డం పెట్టుకుని పాప చెవిలో తన పేరు చెప్పింది. ఆ పేరు సుష్మ అని భోజనాల దగ్గర తెలిసింది. అమ్మమ్మ ఇంట్లో గౌరమ్మ, నాన్న ఇంట్లో సుష్మ అని పెద్దలు సర్దేశారు.

మైకు మటుకు రాలేదు. లక్ష్మమ్మ అందులో వీధిలోవాళ్ళను పేరు పెట్టి భోజనానికి పిలిచింది. రానివాళ్ళను తిట్టింది. వంటవాణ్ణి చారులో ఉప్పు చాలలేదని హెచ్చరించింది. చివరగా భర్తకు పెట్టిన మూడో ఒబ్బట్టు, అంటే బొబ్బట్టు గురించి ఊరికి తెలియజేసింది.

చుట్టాలు తింటుండగా సరోజమ్మ నా దగ్గరికి వచ్చి, ఇందాకటి క్యాసెట్లో ఇంకేం ఉన్నాయని అడిగింది. పెట్టె స్పీకర్లో సన్నగా రాగులమ్మ పాట వేశాను. ఆమె తల ఆడిస్తూ వింది. ఈ తల్లికి ఏం కష్టం వచ్చిందమ్మా, ఎవరు వదిలేసి పోయారు అని అడిగాను.

"బస్సు," అంది సరోజమ్మ.

"బస్సా?"

"బస్సు వదిలేసి పోయిందంట. ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో ఎవురూ చెప్పరంట. అదే పాట."

కెలమంగలం స్టాపులో డెంకణికోట బస్సు కోసం నేను ఎన్నోసార్లు ఆ పాటే పాడుకున్నాను. రాగం తెలియక పైకి రాలేదు. రాగులమ్మ మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

మరుసటి రోజు నాగరాజప్ప షాపుకు వచ్చాడు. రిమార్కు పాటల గురించి కాదు. "ఆయమ్మ చేతికి మైకు ఎవురియ్యమన్నారప్పా? నేను మూడు ఒబ్బట్లు తిన్నది సంతంతా తెలిసిపాయె," అన్నాడు. పాప్ అన్నది నువ్వే గదా, జోలపాట లేకనే మైకు ఇచ్చాను అని నేను ఓనరుతో అన్నాను. "నేను పాప్పా అన్నాను, నీ చెవిలో తప్పు," అన్నాడాయన. తరువాతి గుడి ఫంక్షనుకు నన్ను చెట్టెక్కించాడు. కుర్చీలో ఆయనే కూర్చున్నాడు. ఆ చెట్టు మీద చీమలు ఎర్రవి.

వానలు మొదలయ్యాక బేరిగై నుంచి ఒక పెద్దామె తన మనమరాలి నామకరణానికి మైకు సెట్టు మాట్లాడుకోవడానికి వచ్చింది. ఏ పాటలు కావాలని ఓనర్ అడిగాడు.

"పాటలు మేం పాడుకుంటాము. ఆడోళ్ళ చేతికి మైకిచ్చే అప్ప ఒకడుండాడంట గదా, కెలమంగలానికి పోయినోడు. ఆయప్పని పంపించు," అంది.

ఆమె తరువాత జవళగిరి నుంచి ఇంకొకరు వచ్చారు. మునిరాజప్ప ఇద్దరి ఆర్డర్లూ తీసుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక, కుర్చీ మీద తుండుగుడ్డతో దుమ్ము దులిపి నా వైపు జరిపాడు. చాలా ఏళ్ళ తరువాత పని మానేసే రోజు దాకా నేను కుర్చీలోనే ఉన్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు దీని నుంచి చెప్పదగినవి రెండున్నాయి. ఆర్డర్ తీసుకునేటప్పుడు ఏ పాటలు కావాలని అడిగితే చాలదు, ఎవరు వింటారని అడగాలి. వినేది తొట్లో పాప అని ముందే ఆలోచించి ఉంటే బిందప్పను ఇంట్లోనే వదిలి వెళ్ళేవాణ్ణి. రెండోది, మైకు ఎవరి చేతికైనా ఇవ్వవచ్చు. కానీ ఆ ఇంటాయన ఆ రోజు ఏమేం తిన్నాడో ముందుగా కనుక్కుని ఇవ్వాలి.