డబ్బా ధర రెట్టింపైన ఏడాది

వరల్డ్ కప్ కోసం దోహా అంతా తవ్విపోసిన రోజులవి. నేను కట్టడాల్లో ఇనుము కట్టేవాణ్ణి. నిజామాబాద్ వైపు వాళ్ళం ఎనిమిది మందిమి ఒకే గ్యాంగ్. స్లాబ్ పోసే తేదీ దగ్గరపడితే ఓవర్‌టైమ్ తప్పేది కాదు. ఆ రోజుల్లో కునుకు పట్టకుండా ఫోర్‌మన్ తలా ఒక ఎనర్జీ డ్రింక్ డబ్బా తెచ్చి ఇచ్చేవాడు. మిగతా రోజుల్లో మేమే కొనుక్కునేవాళ్ళం.

క్యాంప్ పక్కన చిన్న కిరాణా కొట్టు ఉండేది. కడప నుంచి హౌస్ డ్రైవర్‌గా వచ్చిన ఒకాయన దాన్ని నడిపేవాడు. ఒక సాయంత్రం డబ్బా తీసుకుంటే రెట్టింపు ధర చెప్పాడు.

"గిదేందన్నా, నిన్నటికి ఇయ్యాల్టికి ఇంత ఫరకా?"

"పన్ను ఏసినారబ్బా. నా చేతిలో ఏముండాది? తాగితే ఆరోగ్యం చెడతాదంట."

నాకు ఒళ్ళు మండింది. మా ఆరోగ్యం గురించి అంత ఆలోచించినవాళ్ళు, అసలు అది ఎందుకు తాగుతున్నారని ఒక్కరినైనా అడిగారా? తెల్లవారకముందే బస్సెక్కి చీకటి పడ్డాక దిగేవాళ్ళం. నిద్ర చాలకే కదా డబ్బా పట్టుకున్నది.

ఆ వారమే ఫోర్‌మన్ డబ్బాలు తేవడం మానేశాడు. "ఫులూస్ మాఫీ. మీరే కొనుక్కోండి" అన్నాడు, డబ్బుల్లేవని. నేను చేతిలోని తీగచుట్ట కింద పెట్టాను.

"డబ్బా లేదంటే ఓవర్‌టైమ్ లేదు."

"ఆఫీసులో రిపోర్ట్ చేస్తా."

"చేస్కో" అని బస్సు వైపు నడిచాను. మిగతా ఏడుగురూ నా వెనకే వచ్చారు.

ఓవర్‌టైమ్‌కు మా బదులు వేరే గ్యాంగ్‌ని పెట్టుకున్నారు. ఆ నెల ఇంటికి తక్కువే పంపాను. "దుబాయ్‌ల పని లేదా ఏంది?" అని ఫోన్లో నా భార్య అడిగింది. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే.

"ఉన్నది. ఓవర్‌టైమ్ చేస్తలేను. పండుకుంటున్న."

"మంచిగ పండుకో" అంది.

డబ్బాలు కొనడం కూడా మానేశాం. దాంతో కొట్టాయన ఫ్రిజ్ నిండా అవి అలాగే ఉండిపోయాయి.

"మీ పంతం నా మీద తీర్చుకుంటారా? పెద్ద మాల్ వాడు తట్టుకుంటాడు. నేను పన్ను కట్టిన సరుకే తెచ్చుకున్నా కదబ్బా" అన్నాడు.

అప్పటిదాకా దెబ్బ మాకే తగిలిందనుకున్నాను. ఆయన ముఖం చూస్తే సిగ్గేసింది. అయినా తగ్గలేదు.

"పంతం నీ మీద గాదన్నా. గవి మాత్రం కొనం. నిమ్మకాయలు పెట్టు, లబన్ మజ్జిగ పెట్టు. మాల్‌కు పోం, నీ కాడనే కొంటం."

పెట్టాడు. మజ్జిగలో ఏం మిగులుతుందని ప్రతిసారీ సణిగేవాడు. నిజమే, ఆయనకు పాత లాభం రాలేదు. మేం మాత్రం మాట తప్పలేదు.

తర్వాతి స్లాబ్ ముంచుకొచ్చేసరికి, వేరే గ్యాంగ్ ఒక్కటే చాలక, ఫోర్‌మన్ మళ్ళీ మా దగ్గరికి వచ్చాడు. చేతిలో డబ్బాలున్నాయి. ఇప్పుడు నిద్ర చాలుతోంది, అవి అక్కర్లేదన్నాం. రెండు గంటలకు మించి ఓవర్‌టైమ్ చేయబోమని ముందే చెప్పాం. ముఖం మాడ్చుకున్నాడు గానీ, ఒప్పుకున్నాడు.