మిలిటరీ లారీ, మామిడి లోడు, మా బావగారి డీజిల్ పొదుపు

పాత మిలిటరీ లారీ కొన్నామని ఇక్కడ రాసిన దగ్గర్నుంచి "మేమూ కొనాలనుకుంటున్నాం, ఎలా ఉంటుందండీ?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. సైన్యం వేలంలో వదిలించుకున్న ఆ లారీలో సగం నాది, సగం మా అక్క భర్త ప్రసాద్ బావగారిది. ఆయనకి చాట్రాయి దగ్గర మామిడి తోట ఉంది. కోతల్లో ఒక్క వాన పడితే చాలు, మామూలు లారీ తోటలో దిగబడిపోతుందని, ఇది నాలుగు చక్రాలతోనూ లాగుతుందని ఆయన చెప్పగానే బుట్టలో పడ్డాను. కాగితాలు మా పేరు మీదకి మారడానికి మూడు నెలలు తిరిగాం. క్లచ్చి ప్లేటు దొరక్క ఇంకో నెల పోయింది. చివరికి లారీ బాగయిందని ఫోను వస్తే, మొదటి లోడు వేయడానికి మే నెలలో ఒక శనివారం బయల్దేరాను.

లారీ హనుమాన్ జంక్షన్‌లో మెకానిక్ మస్తాన్ గారి షెడ్డులో ఉంది. విజయవాడలో ఆరింటికి బస్సెక్కితే ఏడుంపావుకి దిగాను. హైవే పక్క బండి మీద రెండు ఇడ్లీ, ఒక టీ కలిపి నలభై రూపాయలు. బావగారు అప్పటికే వచ్చి లారీకి పసుపు రాయించి, బొట్లు పెట్టించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించారు. టైర్లకి మెరిసే నల్లరంగు కూడా పూయించారు. ఆ రంగు గుడ్డతో తుడిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాళ్ళు అరగకుండా కొత్తవాటిలాగే ఉన్నాయి కానీ ముందు టైర్ల వయసు పద్దెనిమిదేళ్ళు. పక్కలు సన్నగా బీటలు వారాయి. "గాళ్ళున్నాయి కదరా, ఇంకా ఏంటి?" అన్నారు బావగారు. గంటన్నర వాదించి ఆ రెండూ మార్పించాను. ఆ గంటన్నరలో ఆయన తొమ్మిదిసార్లు టైము చూసుకున్నారు.

మస్తాన్ గారు అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతారు. స్టార్ట్ చేసి, డాష్‌బోర్డు మీద గాలి ప్రెషరు చూపించే ముల్లు మీద వేలు పెట్టారు. "ఇది పైకొచ్చేదాకా బండి కదల్చొద్దండి. బ్రేకు పనిచేసేది ఈ గాలితోనే. ఇంజన్ ఆగితే గాలి నిండదు. దిగుడులో న్యూట్రల్ అసలొద్దు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. దొర్లే బండికి మళ్ళీ గేరు పడదు, చెబుతున్నా" అన్నారు. బావగారు తలూపారు. ఆయన ఎవరేం చెప్పినా అలాగే తలూపుతారు.

తొమ్మిదిన్నరకి కదిలాం, తోలేది బావగారే. జంక్షన్ నుంచి నూజివీడుకి మామూలు బండయితే అరగంట, మాకు గంట పట్టింది. స్టీరింగ్ తిప్పడానికి రెండు చేతులూ, భుజాలూ కావాలి. కేబిన్‌లో ఇంజన్ వేడికి కాళ్ళు కాలిపోతాయి, మాట వినాలంటే అరవాలి. లీటరుకి మూడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. ఆ మూడే మా బావగారి ప్రాణం తీస్తోంది. నూజివీడు దాటాక చిన్న దిగుడు రాగానే ఆయన చెయ్యి గేరు మీదకి పోయింది. "బావగారూ, వద్దు" అని అరిచాను. "న్యూట్రల్‌లో కాస్త వదిలితే పావు లీటరు మిగులుతుందిరా. ఇరవై ఏళ్ళ నుంచి తోలుతున్నా" అన్నారు. చాట్రాయి చేరేలోపు ఇదే మాట ఆరుసార్లు నడిచింది. నా గొంతు పోయింది, ఆయన అలవాటు పోలేదు.

తోటలో పదిమంది ఆడవాళ్ళు కాయలు ఏరి ట్రేలకెత్తుతున్నారు. రసాలు వేరు, బంగినపల్లి వేరు. అందరికంటే పెద్దావిడ నాగమ్మ గారు కాయని చేతిలో ఒకసారి తిప్పి, దెబ్బ తగిలిందో లేదో చెప్పేస్తుంది. చద్దన్నం, మామిడికాయ పచ్చడి నాకూ పెట్టింది. ఒంటిగంటకి లోడయింది. నూజివీడు మార్కెట్టులో దింపుకోవడానికీ వీళ్ళలో ఏడుగురు రావాలి. ఎలా వస్తారని అడిగాను.

"ఎలా ఏంటి? లోడు మీద కూర్చుంటారు. ఏటా అంతేగా" అన్నారు బావగారు.

"ఇది కొత్త బండి బావగారూ, మనకే అలవాటు కాలేదు. ఆటోలు పిలుద్దాం."

"ఇప్పుడు ఆటోలెక్కడ దొరుకుతాయిరా? మూడింటికి వేలంపాట మొదలవుతుంది. మిలిటరీ బండి, దీనికేం కాదు."

నేనూ టైము చూసుకుని ఊరుకున్నాను. ఏడుగురు ఎక్కారు, నాగమ్మ గారు వెనకవైపు తలుపు దగ్గర కూర్చుంది.

నాలుగు కిలోమీటర్లు బాగానే వచ్చాం. ఒక మెరక ఎక్కాక, వాగు మీద కల్వర్టు వైపు రోడ్డు దిగుతోంది. బావగారు న్యూట్రల్ చేశారు. అది చాలదన్నట్టు ఇంజన్ ఆపే నాబ్ కూడా లాగేశారు. ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పైన ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. ఎదురుగా గేదెలు రోడ్డు దాటుతున్నాయి. బావగారు బ్రేకు తొక్కారు, వదిలారు, మళ్ళీ తొక్కారు. ముల్లు ప్రతిసారీ కిందికి దిగింది. అయిదోసారికి పెడలు ఊరికే లోపలికి పోయింది. గేరు వేయబోతే పళ్ళు కొరికిన చప్పుడు తప్ప ఏమీ పడలేదు. ఆయన స్టీరింగ్ తిప్పడానికి పాట్లు పడుతుంటే హ్యాండ్ బ్రేకు నేను లాగాను. రెండు చేతులతో లాగాను. లారీ గేదెల్ని తప్పించుకుని, రోడ్డు పక్క కాలవ తవ్విన మట్టిగుట్ట మీదకి ఎక్కి ఆగింది.

ట్రేలు రోడ్డంతా పడ్డాయి. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని దిగారు. ఎవరికీ ఎముకలు విరగలేదు. నాగమ్మ గారి గాజులు పగిలి మణికట్టు తెగింది, రక్తం మోచేతి దాకా కారుతోంది. నా తువ్వాలు చింపి కట్టాను. కడుతూనే, భయమంతా కోపమై, బావగారి మీద పడ్డాను. "పొద్దున్నుంచి చెబుతూనే ఉన్నానా? మస్తాన్ గారు చెప్పారా లేదా? ఇంజన్ ఆపితే బ్రేకు ఉండదని ఎన్నిసార్లు అరిచాను!" ఆయన రోడ్డు మీద గొంతుక్కూర్చుని తల పట్టుకున్నారు.

నాగమ్మ గారు నా వైపు చూసింది.

"అయితే మీకు తెలుసన్నమాట."

"తెలుసమ్మా. పొద్దున్నుంచి ఆయనకి చెబుతూనే ఉన్నాను."

"ఆయనకి చెప్పారు. పైన కూర్చుంది మేమండీ. మాకెందుకు చెప్పలేదు? చెప్పుంటే నడిచొచ్చేవాళ్ళం కదా."

ఆవిడ కోపంగా కూడా అనలేదు. కట్టు సరిచేసుకుని, మిగతావాళ్ళతో కలిసి పగలని కాయలు ఏరడం మొదలుపెట్టింది.

రోజంతా బావగారి మొండితనం మీద విసుక్కుంటూ, నేను జాగ్రత్తపరుణ్ణని అనుకుంటూ కూర్చున్నాను. టైర్ల వయసు చూశాను, ప్రెషరు ముల్లు చూశాను, లారీలో సగం వాటా ఉన్న మనిషికి గొంతు పోయేలా చెప్పాను. లోడు మీద ఎక్కుతున్న ఏడుగురికి చెప్పాలని మాత్రం తోచలేదు. ఎందుకు తోచలేదో ఆలోచిస్తే నాకే సిగ్గేస్తోంది. బావగారిది అలవాటు, నాది అంతకంటే పాత అలవాటు: కూలికొచ్చినవాళ్ళకి ఏదీ చెప్పకపోవడం. మీరూ ఇలాంటి బండి కొంటే, కదిలే ముందు దాని బ్రేకుల గురించి మీకు తెలిసిందంతా, పైకి ఎక్కబోయేవాళ్ళని ఎదురుగా నిలబెట్టుకుని చెప్పండి. అంతా విన్నాక కూడా ఎవరైనా ఎక్కితే అప్పుడు నాకు రాయండి.