పైడమ్మ తిప్పిన కుండ

నూకరాజుకు గరుకు అంటే గిట్టదు. విజయనగరం దగ్గర ఒక ఇనుప ఫౌండ్రీలో బతుకంతా చేసిన పని అదే: పోతపోసిన ముక్క చల్లారాక, దాని ఒంటిమీద మిగిలిన బొడిపెలూ చారలూ గ్రైండింగు పట్టి నున్నగా చేయడం. ఇంటికొచ్చినా ఆ చేతులు ఊరుకునేవి కావు. పీటకు పెచ్చు లేచినా, తలుపు అంచు గీరుకున్నా జేబులోంచి ఎమరీ కాగితం తీసి రుద్దుతూ కూర్చునేవాడు. “ఒకనాటికి నన్నూ గ్రైండింగు పట్టేస్తావేటి?” అని పెళ్లాం పైడమ్మ ఎగతాళి చేసేది.

ఆ పైడమ్మ పోయింది. ఒంటరిగా ఉంచలేక కూతురు హేమమాలిని ఆయన్ని భిలాయి తీసుకొచ్చేసింది. అల్లుడు స్టీల్ ప్లాంటులో ఉద్యోగి, సెక్టర్ 4లో క్వార్టరు. రైల్లో దారిపొడుగునా నూకరాజు ఒళ్ళో ఒక గుడ్డమూట ఉంది. ఎవరి మోచెయ్యి తగులుతుందోనని ఆయన కునుకు కూడా తియ్యలేదు. మూటలో ఉన్నది చెంబుకంటే కాస్త పెద్దదైన మట్టికుండ. ఇంకా కాల్చనిది.

పైడమ్మ కుమ్మరింటి ఆడపిల్ల. వాళ్ళ ఇంట్లో మట్టి తొక్కడం, పిసకడం, కుండలు సంతకు మోయడం ఆడవాళ్ళ వంతు. కుండలు తిప్పే సారె మీద చెయ్యి పెట్టే హక్కు మాత్రం మగవాళ్ళది. ఇదెక్కడి న్యాయమో ఆ సారెకే తెలియాలి. తండ్రి పోయాక అన్న కుండలు మానేసి ఆటో కొనుక్కున్నాడు. పోయిన ఏడాది పుట్టింటికి వెళ్ళినప్పుడు పైడమ్మ మూలపడ్డ సారెను చూసింది. ఇప్పుడు వద్దనేవాళ్ళెవరు? కొంగు దోపుకుని కూర్చుంది. వంకరటింకరగా ఒక్క కుండ లేచింది. ఆ సాయంత్రమంతా దాన్ని ముందు పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వుకుంది. కాలుద్దామంటే ఊళ్ళో ఆవం ఎప్పుడో కూలిపోయింది. ఎక్కడో ఒకచోట కాల్పిద్దాంలే అనుకుంటూ ఉండగానే గుండెపోటు వచ్చింది, ఆస్పత్రి గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు.

కాల్చని కుండకు ఆయుష్షు లేదు. నీళ్ళు చిలకరిస్తే చాలు, మళ్ళీ మట్టి. నూకరాజుకు మిగిలిన కోరిక ఒక్కటే: పెళ్లాం చేసిన ఆ ఒక్క కుండా పగలకుండా కాలి గట్టిపడాలి.

కొత్త ఊళ్ళో తెలిసిన వాళ్ళు లేరు, హిందీ అంతంతమాత్రం. దీపావళి ప్రమిదలు అమ్మే కుమ్మరుల్ని అడిగాడు. వాళ్ళు మర్యాదగానే కాదన్నారు. ఊరుకాని ఊరి మట్టి బట్టీలో పేలితే పక్కనున్న కుండలన్నీ పోతాయని వాళ్ళ భయం. చివరికి హేమమాలినికి తెలిసినవాళ్ళెవరో వైశాలి నగర్‌లో కుండలు చేసుకునే స్టూడియో ఒకటుందని చెప్పారు. ఒక ఇంటి కింద కారు షెడ్డులో నాలుగు కరెంటు సారెలు, ఒక కరెంటు బట్టీ. చేరినవాళ్ళంతా వాటిని వంతులవారీగా వాడుకుంటారు. నడిపేది సుచిత్ర. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం, పుట్టి పెరిగింది భిలాయిలోనే. తెలుగు మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది.

నూకరాజు మూట విప్పి సంగతంతా చెప్పాడు. సుచిత్ర కుండను రెండు చేతులా అందుకుంది. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమింది. ఒకచోట ఆమె వేళ్ళు ఆగాయి. అక్కడే మళ్ళీ తడిమి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నూకరాజుకు గుచ్చుకుంది. పైడమ్మ పనితనం గరుగ్గా ఉందని నవ్విందనుకున్నాడు. పాపం, ఏమిటమ్మా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

అందరి కుండలూ ఒకే బట్టీలో కాలతాయి కాబట్టి మట్టి సంగతి తెలిసినవాళ్ళ కుండలే పెడతానంది సుచిత్ర. కొన్నాళ్ళు వచ్చి పని నేర్చుకోమంది. నూకరాజు చేరాడు. మట్టి పిసికాడు, చెప్పకపోయినా షెడ్డు ఊడ్చాడు. కాలేజీ పిల్లలూ, ప్లాంటు ఇళ్ళ ఆడవాళ్ళూ ఆయన్ని అంకుల్ అని పిలవసాగారు. పైడమ్మ కుండ కొలతకే తానూ కుండలు తిప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో కూలాయి, తర్వాత నిలబడ్డాయి. అవి మాత్రం లోపలా బయటా అద్దంలా ఉండేవి. సారె దగ్గర ఉన్నంతసేపూ పైడమ్మ పక్కనే ఉన్నట్టుండేది. ఇంటికి వచ్చే దారిలో మాత్రం ఆమె లేదన్న సంగతి మళ్ళీ కొత్తగా తెలిసివచ్చేది.

బట్టీ నిండే రోజు దగ్గరపడింది. బాగా ఆరిన కుండల అంచుల్ని తడి స్పాంజితో ఒకసారి తుడిచి అరలో పెట్టడం అక్కడి పద్ధతి. నూకరాజు పైడమ్మ కుండ తీసుకుని మూలకు వెళ్ళాడు. అంచు తుడిచాడు. లోపల చూస్తే చుట్టూ చారలు, ఎగుడుదిగుళ్ళు, ఒక పక్క లోతైన సొట్ట. సుచిత్ర నవ్వు గుర్తొచ్చింది. పదిమంది కుండల మధ్య తన పెళ్లాం కుండకు ఎవరూ వంక పెట్టకూడదనుకున్నాడు. జేబులోంచి ఎమరీ కాగితం తీశాడు. ఫౌండ్రీలో ఏ ముక్కకూ పెట్టనంత శ్రద్ధ దీనికి పెట్టాడు. ఎంత మెల్లగానంటే, నిద్రపోతున్న మనిషి ఒళ్ళు తుడుస్తున్నాడా అన్నట్టు. పని అయ్యాక కుండలో రాలిన పొడిని ఉఫ్‌మని ఊది, తృప్తిగా అరలో పెట్టాడు.

మర్నాడు సుచిత్ర బట్టీ నింపుతోంది. అక్కడ కుండల మీద పేర్లు రాసుకోరు. ఆమె లోపల చెయ్యి పెట్టి ఇది ఫలానావాళ్ళదని చెబుతూ పేరుస్తోంది. మట్టి తిరిగేటప్పుడు వేళ్ళు వదిలిన చారలు మనిషికొక రకంగా ఉంటాయట, దస్తూరీ లాగా. నూకరాజు ఆ మాట వినడం అదే మొదటిసారి. వింటూనే ఆయన చెయ్యి జేబులోని ఎమరీ కాగితాన్ని తడిమింది.

సుచిత్ర ఒక కుండ తీసి తడిమి ఆయన వైపు తిరిగింది.

“ఇది మీ చెయ్యి అంకుల్, పక్కా. మరి ఆంటీది ఏది?”

ఆమె మళ్ళీ ఆ కుండ వైపు చూసింది. వంకర తిరిగిన మెడను గుర్తుపట్టింది. మళ్ళీ లోపల చెయ్యి పెట్టి వెతికింది. ఆంటీ బొటనవేలు జారిన చోటు ఇక్కడే ఉండేదని, మొదటి రోజు తన వేలు అందులో సరిగ్గా కూర్చుందని, అందుకే నవ్వొచ్చిందని హిందీలో గొణిగింది.

“ఆ గుర్తు మరి రాదా అమ్మా?” అని అడిగాడు నూకరాజు.

ఆమె తల అడ్డంగా ఊపింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఇక్కడ ఆ దుడ్డుకర్ర కూడా అక్కర్లేకపోయింది, ఒక మనిషి ప్రేమ సరిపోయింది. కాల్చమంటారా అని సుచిత్ర అడిగింది. కాల్చమన్నాడు. ఇంకేమనగలడు?

కుండ పగల్లేదు. కణకణలాడే ఎరుపుతో, వేలితో కొడితే ఖంగుమనేట్టు కాలింది. ఆయన కోరుకున్నది అక్షరాలా జరిగింది. దాన్ని అదే గుడ్డలో చుట్టుకుని సెక్టర్ 4కు ఇంటికి తెచ్చాడు.

హేమమాలిని వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కుండను ఒళ్ళో పెట్టుకుంది. చెయ్యి లోపల పెట్టి తడిమింది. ఆమె కళ్ళు నిండాయి.

“మొదటిసారి కూర్చుని ఇంత నున్నగా ఎలా చేసింది నాన్నా?”

ఏదో ఒకటనేసి ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. నూకరాజు ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ పైడమ్మ సారె మీద వేళ్ళు పెట్టింది జీవితంలో ఒక్కసారి. ఆ ఒక్కసారి పనీ తన నునుపు కింద మరుగైపోవడం ఆయనకు భరించరానిదైంది.

“మీ అమ్మ గరుగ్గానే సేసింది తల్లీ,” అన్నాడు. “దాని సేతి ఏళ్ళ గుర్తులన్నీ అందులోనే ఉండీవి. నానే ఉంచలేదు.”

హేమమాలిని కుండలోంచి చెయ్యి తియ్యలేదు. ఇంకా వెతుకుతూనే ఉంది.