నీళ్లు చూడని బండి

హనుమకొండ చౌరస్తాలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే రమకు కార్ల పిచ్చి ఉందని బజారంతా తెలుసు. భర్త కిషన్ రావుకు స్టీరింగ్ పట్టుకోవడమే రాదు. ఆవిడ మాత్రం నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, ఒక డాక్టరు గారి దగ్గర పాత హోండా సిటీ వీటెక్ కొన్నది. వెండి రంగు బండి. ఒకప్పుడు కుర్రకారు ఆ ఇంజన్ చప్పుడు కోసం పడిచచ్చేవారు. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే మీటరులో ఇంజన్ వేగం చూపే ముల్లు ఆరు వేలు దాటాక దాని గొంతే మారిపోతుంది. ఆ గొంతు వినడానికని రమ ఆదివారం పొద్దున్నే పాలంపేట దాకా పోయి, రామప్ప గుడిలో దండం పెట్టుకుని వచ్చేది.

అంత ఇష్టమైన బండిని ఈ ఏడాది అమ్మక తప్పలేదు. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. క్లచ్ తొక్కితే ప్రాణం పోతోంది. దవాఖానలో డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. గేరు లేని బండి అయితే సరే, ఇది మాత్రం వద్దన్నాడు.

మొదట అనిల్ అనే బ్రోకరు వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు, స్టార్టు చేసి విన్నాడు, మెచ్చుకున్నాడు. తరవాత సర్వీసు కాగితాలు అడిగాడు. రమ ఉన్నవన్నీ తెచ్చి ముందు పెట్టింది. అన్నీ 2023 సెప్టెంబరు తరవాతి బిల్లులే.

"అంతకు ముందువి ఏమైనయ్ అక్కా?"

"ఆ జూలై వానలల్ల నానినయ్. మా ఇల్లు నయీంనగర్ల కదా, కిటికీల దాంక నీళ్లొచ్చినయ్."

అనిల్ ముఖం మారిపోయింది. "అంటే బండి గూడ మునిగిందన్నట్టు."

"మునగలే. అప్పుడు బండి ఇంటికాడ లేదు, రిపేరుకిస్తే మెకానిక్ షెడ్డుల ఉండె."

"అందరూ గట్లనే అంటరక్కా. నయీంనగర్ బండి, వరద అయినంకనే కాగితాలు షురూ అయినయ్. నేను నమ్మినా కొనెటోడు నమ్మడు. ఇసొంటి బండి ఊకె ఆఫీసుకు పోయేతందుకు ఎవ్వరూ కొనరు. ఇంజన్ కోసం కొంటరు. దానికి ఎప్పుడేం జరిగిందో తెల్వకపోతే సగం రేటు గూడ రాదు."

రేటు మాటకు రమ పెద్దగా బాధపడలేదు. 'అందరూ గట్లనే అంటరు' అన్న మాటే గుచ్చుకుంది. ముప్పై ఏళ్లుగా కొట్టులో కూర్చుని, అడుగు పలచబడిన గిన్నెను మంచిదని చెప్పి అమ్మని మనిషి. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కిషన్ రావు ఊరుకోబెట్టబోతే విసుక్కుంది. చివరికి తనకే అనుమానం మొదలైంది. నిజంగానే బండి షెడ్డులో ఉందా? రిపేరుకు వానలకు ముందు ఇచ్చిందా, తరవాత ఇచ్చిందా? ఆ వారమంతా బురద, తడిసిన బియ్యం, పక్కింటి మేడమీద పడుకోవడం తప్ప వరసగా ఏదీ గుర్తుకు రావడం లేదు.

ఆ సమయంలోనే, బండి అమ్మకానికి ఉందని ఎవరో చెప్తే, కాజీపేట నుంచి సౌమ్య అనే అమ్మాయి ఫోన్ చేసింది. కాలేజీలో లెక్చరర్. చిన్నప్పుడు వాళ్ల నాన్నకు ఇదే కారు ఉండేదట. ఈసారి రమ బేరానికి ముందే అంతా చెప్పేసింది. ఇల్లు మునిగిందని, బిల్లులు పోయాయని, బండి మాత్రం తడవలేదని తను అనుకుంటోందని.

సౌమ్య నవ్వింది. "ఆంటీ, అమ్మేటోళ్లు ఇవన్నీ ముందుగల్ల చెప్పరు. జర చూస్త, రానియ్యండి."

వచ్చి మెల్లగా చూసింది. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి టార్చి వేసింది. మునిగిన బండి అయితే లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద మరక మిగిలిపోతుందట. మరక లేదు. కార్పెట్ ఎత్తి చూస్తే తుప్పు కూడా లేదు. అయినా ఆమె ముఖంలో అనుమానం పూర్తిగా పోలేదు.

"బెల్టులు, కార్పెట్లు కొత్తవి ఏస్తే తెల్వది ఆంటీ. ఆ షెడ్డు ఆయన ఉన్నడా ఇప్పుడు?"

మడికొండలో గుట్ట పక్కన మెకానిక్ మొగిలయ్య షెడ్డు. ఇద్దరూ అదే బండిలో బయలుదేరారు. సౌమ్య నడిపింది, రమ పక్కన కూర్చుని చీర చెంగు నలుపుతూనే ఉంది. వెళ్లేసరికి మొగిలయ్య ఒక జీపు కింద పడుకుని ఉన్నాడు. విషయం చెప్తే బయటికి వచ్చి తల గోక్కున్నాడు.

"వానలప్పుడా? ఏమో అక్కా, నాకు యాదికి లేదు. ఏడాదికి ఎన్ని బండ్లొస్తయ్."

రమ ఒక అడుగు ముందుకు వేసింది. "బెల్టు మార్చినవ్ సూడు, ఇంజన్ల టైమింగ్ బెల్టు. హైదరాబాద్ నుంచి రావాలె అన్నవ్."

"మార్చిన. ఎప్పుడన్నది..." అని ఆగి, "నువ్వు ఊకె ఫోటో పెట్టు, ఫోటో పెట్టు అని సతాయిస్తవ్ గదా అక్కా. ఉంటదేమో చూస్త" అంటూ చేతులు తుడుచుకుని ఫోన్ తీశాడు.

రమ ఫోన్ ఆ వరద నీళ్లలోనే పడిపోయింది. కొత్త ఫోన్లో పాతవేవీ లేవు. మొగిలయ్య ఫోన్లో మాత్రం వాళ్లిద్దరి వాట్సాప్ అంతా అలాగే ఉంది. వేలితో కిందికి లాగుతూ పాత మెసేజ్‌లలోకి పోయాడు. ఆయిల్ ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు, మసిపట్టిన ప్లగ్గులు, ఏళ్ల తరబడి పంపిన ఫోటోలు జారిపోతున్నాయి. సౌమ్య అతని భుజం మీదుగా వంగి చూస్తోంది.

"ఇగో, జూలై."

ఒక వాయిస్ మెసేజ్ నొక్కాడు. షెడ్డంతా మారుమోగేలా రమ గొంతు వినిపించింది. "మొగిలయ్యా! నా బండి ఇస్తవా, ఇయ్యవా? నెత్తి మీద పెట్టుకొని ఊరేగుతున్నవా దాన్ని?"

రమ సిగ్గుతో నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మొగిలయ్య పగలబడి నవ్వి, కింద ఉన్న తన జవాబు వినిపించాడు. "అక్కా, జర ఓపిక పట్టు. తొవ్వలు బందున్నయ్, పార్టు హైదరాబాద్‌లనే ఆగింది." దాని కింద ఒక ఫోటో. ముందు చక్రం ఊడదీసి, ఇంజన్ పక్క మూత తెరిచి, స్టాండ్ల మీద నిలబెట్టిన వెండి రంగు సిటీ. నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది. కింద తేదీ కూడా ఉంది.

తరవాతి మెసేజ్ మర్నాటిది. అందులోనూ రమ గొంతే. ఈసారి కోపం లేదు, వణుకు ఉంది. వెనక నీళ్ల చప్పుడు, ఎవరో పేర్లు పెట్టి పిలుస్తున్న కేకలు. "మొగిలయ్యా, ఇంట్లకు నీళ్లొచ్చినయ్. మేం మీదికి పోతున్నం. బండి నీ కాడనే ఉండనీ, ఇప్పుడే తేకు."

తను ఆ మాట అన్నట్టు రమకు అప్పటిదాకా గుర్తే లేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనే ఉన్న టైరు మీద కూర్చుని, చాలా రోజులకు నిండుగా ఊపిరి తీసుకుంది.

సౌమ్య వచ్చి పక్కన చతికిలబడింది. "ఆంటీ, ఇంతకంటే మంచి సర్వీసు రికార్డు నేను చూడలే. ఈ ఫోటోలన్నీ నాకు ఇప్పిస్తరా?"

"బండి కొనకున్నా ఇప్పిస్త బిడ్డా," అన్నది రమ.

"కొంటున్న. మీరు చెప్పిన రేటుకే."

"ఏసీ జర తక్కువ కొడ్తది. అది చెప్పలే నీకు."

"చెప్పిన్రు గదా ఇప్పుడు," అన్నది సౌమ్య.

వెంటనే తిరిగి వెళ్లబుద్ధి కాలేదు ఇద్దరికీ. హైవే ఎక్కి రఘునాథపల్లి దాకా పోయారు. ఖాళీ రోడ్డు దొరకగానే సౌమ్య మూడో గేరులో తొక్కింది. ముల్లు ఆరు వేలు దాటింది. ఇంజన్ గొంతు మారింది. సౌమ్య చిన్నపిల్లలా కేక వేసింది. ఎప్పుడూ స్టీరింగ్ వెనక నుంచే విన్న ఆ చప్పుడును రమ మొదటిసారి పక్క సీట్లో కూర్చుని, ఏ పనీ లేకుండా విన్నది.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు కిషన్ రావుకు ఫోన్ చేసింది. "అయిపోయిందయ్యా. మునగలే, మునగలే! మొగిలయ్య కాడ సాక్ష్యమున్నది."

"నాకు తెల్వదా రమా," అన్నాడాయన. "అన్నం తిన్నవా?"

"ఆకలైతాంది," అని రమ ఫోన్ పెట్టేసి, కొట్టువాడిని మిర్చి బజ్జీలు వేడిగా ఉన్నాయా అని అడిగింది.